పాత వాచీని ఎక్కడ అమ్మాలి?

ఫైనల్ ఇయర్ చివర్లో మన సీనియర్లు సైకిళ్లు, డ్రాఫ్టర్లు, కూలర్లు అమ్మేసి వెళ్తారు. వాటికి ధర కట్టడం తేలిక. అమ్మేవాడికి, కొనేవాడికి వస్తువు గురించి తెలిసింది ఒక్కటే. వాచీ అలా కాదు. ఒకే వాచీ ఒక వీధిలో మూడొందలు, ఇంకో చోట మూడు వేలు పలకొచ్చు. ఎందుకలా?

ఈ వేసవిలో ఈ ప్రశ్న నా నెత్తినే పడింది. తాతయ్య పోయాక ఆయన బీరువాలో మూడు వాచీలు దొరికాయి: కీ ఇచ్చే హెచ్ఎంటీ జనతా, ఒక టైటాన్ క్వార్ట్జ్, ఒక స్విస్ ఆటోమేటిక్. చెల్లి కాలేజీ ఫీజుకి డబ్బు తక్కువైంది. "అమ్మెయ్యరా, కానీ ఎవడికి పడితే వాడికి చవగ్గా ఇచ్చెయ్యకు" అంది నాన్నమ్మ.

ముందు సరుకు తెలియాలి

హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016లో కేంద్రం హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. అందుకే జనతా, పైలట్ లాంటి పాత మోడళ్లను వెతుక్కుని కొనేవాళ్లున్నారు. క్వార్ట్జ్ సంగతి వేరు. అందులో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు, అంటే 2 పవర్ 15 సార్లు కంపిస్తుంది. సర్క్యూట్ దాన్ని పదిహేనుసార్లు సగం చేసి సెకనుకో పల్స్ ఇస్తుంది. టైం కచ్చితంగా చూపిస్తుంది గానీ, మామూలు క్వార్ట్జ్ పాడైతే చాలాసార్లు లోపలి మెషిన్ మొత్తం మార్చేస్తారు. కాబట్టి పాతదానికి గిరాకీ తక్కువ.

ధర ఎందుకు పడిపోతుంది?

జార్జ్ అకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల ఉదాహరణతో ఈ విషయం వివరించాడు. ఆ కృషికే 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మంచి కారేదో, డొక్కు కారేదో కొనేవాడికి తెలియదు. అందుకని అన్నిటికీ సగటు ధరే ఇస్తానంటాడు. దాంతో మంచి సరుకున్నవాడు మార్కెట్‌కే రాడు. వాచీకీ ఇదే సూత్రం. ఎక్కడ అమ్మాలి అంటే, మన వాచీలో ఉన్న మంచిని గుర్తుపట్టే కళ్లు ఎక్కడున్నాయి అని అర్థం.

దారులు ఇవి

రిపేరు షాపు: డబ్బు వెంటనే చేతికొస్తుంది. కానీ ఆయన విడిభాగాల లెక్కలో ధర కడతాడు. ఆగిపోయిన వాచీకి ఇదే మేలు.

సంత: హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జుమ్మేరాత్ బజార్ ఉన్నాయి. అక్కడ బేరం గట్టిగా ఉంటుంది. అమ్మకపోయినా ఒకసారి తిరిగి ధరలు వినండి.

ఎక్స్చేంజ్ ఆఫర్: చాలావరకు కొత్త వాచీ మీద తగ్గింపే తప్ప నగదు రాదు. ఫీజు కట్టాల్సినవాడికి పనికిరాదు.

ఓఎల్ఎక్స్ లాంటివి: మనిషిని కలిసి, వాచీ చూపించి అమ్మొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నాడంటే మోసమే.

సేకరించేవాళ్ల గ్రూపులు, క్రోనో24, ఈబే: తెలిసినవాళ్లుంటారు కాబట్టి మంచి ధర వస్తుంది. అయితే కమిషన్, కొరియర్, ఇన్సూరెన్స్, ఎదురుచూపు ఉంటాయి.

లెక్క వేద్దాం

ఇవి ఉదాహరణకి వేసుకున్న అంకెలే. షాపులో 1,200 వచ్చే వాచీ ఆన్‌లైన్‌లో 2,000 పలికిందనుకుందాం. కమిషన్ 200, సర్వీసింగ్ 400, కొరియర్ 150 పోతే మిగిలేది 1,250. యాభై రూపాయల కోసం నెల ఆగాలా? అదే షాపులో 12,000, ఆన్‌లైన్‌లో 20,000 అయితే? కమిషన్ 2,000, సర్వీసింగ్ 1,500, కొరియర్, ఇన్సూరెన్స్ 500 పోయినా 16,000 మిగులుతుంది. ఇక్కడ ఆగొచ్చు. చూడాల్సింది పలికిన ధర కాదు, చేతికి మిగిలేది.

ఈ లెక్కతోనే టైటాన్‌ని రిపేరు షాపులో ఇచ్చాను. స్విస్ వాచీని సేకరించే ఒకాయనకి, ఎదురుగా కూర్చుని వెనక మూత తీయించి చూపించి మరీ అమ్మాను. ఫీజు లోటు తీరింది. జనతాకి వచ్చేది కొద్ది వందలే. "ఆ మాత్రానికైతే ఉండనీరా" అంది నాన్నమ్మ. అమ్మకపోవడం కూడా ఒక దారే.

అమ్మే ముందు

డయల్‌కి కొత్త రంగు వేయించకండి, కేస్‌ని పాలిష్ పట్టించకండి. సేకరించేవాళ్లకి అసలు రూపమే కావాలి. డయల్, వెనక మూత, లోపలి మెషిన్ ఫొటోలు తీయండి. ఎంత వెనకబడుతోందో, గీత ఎక్కడుందో మీరే ముందుగా చెప్పండి. లోపం దాచితే అకర్‌లాఫ్ చెప్పిన అనుమానం మళ్లీ మొదలవుతుంది, ధర పడిపోతుంది. ఆఖరున ఒక కాగితం మీద వాచీ నంబరు, తేదీ, ధర రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. రేపు ఎవరైనా "ఇదెక్కడిది?" అని అడిగితే కొన్నవాడికీ, అమ్మిన మీకూ అదే ఆధారం.