కూర్చుంటే హాయి, నడిస్తే కాళ్లు బరువు

గేదెకు పొదుగువాపు వస్తే ఆ పూటే డాక్టరు కోసం పరుగెత్తే మన సభ్యులు, తమ నడుము సంగతి మాత్రం ఏళ్ల తరబడి వాయిదా వేస్తుంటారు. వయసు మీద పడింది, ఇక ఇంతే అనుకుని, పాలకేంద్రం దాకా నడవలేక పశువును అమ్ముకునేవారూ ఉంటారు. నడవలేకపోవడానికి అసలు కారణం తెలిస్తే అంతదూరం రాకుండా చూసుకోవచ్చు. అందుకని చోడవరం ప్రాంతపు సభ్యుల కోసం, నడుము దగ్గర వెన్నుపూసల లోపలి దారి ఇరుకయ్యే జబ్బును గురించి వ్రాస్తున్నాము. డాక్టర్లు దీనిని లంబార్ స్పైనల్ స్టెనోసిస్ అంటారు.

వెన్నెముకలో గొట్టం వంటి దారి ఒకటి ఉంది. కాళ్లకు వెళ్లే నరాలు అందులోంచే దిగుతాయి. యాభై, అరవై దాటిన కొందరిలో పూసల మధ్య మెత్తలు అణగి, కీళ్లు లావెక్కి, వెనుక ఉన్న కట్లు మందమై దారి ఇరుకవుతుంది, నరాలు నలుగుతాయి. 1954లో హాలండు దేశపు సర్జన్ వెర్బీస్ట్ దీనిని వివరంగా వర్ణించారు. మన తెలుగు ప్రాంతాలలో ఇంకొక కారణం కూడా ఉంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనూ, తరువాత నల్గొండలోనూ బయటపడిన ఫ్లోరోసిస్ ఎముకలను పెంచి ఈ దారిని మూసివేయగలదు.

జబ్బును పోల్చుకోవడానికి ముందు కావలసింది యంత్రం కాదు, రోగి చెప్పే మాట. గొంతుకూర్చుని పాలు పితికేటప్పుడు బాధ అంతగా ఉండదు. అవే పాలు పట్టుకుని కేంద్రానికి నడిచేటప్పుడు, అక్కడ వరుసలో నిలబడినప్పుడు, పిరుదుల నుండి పిక్కల దాకా లాగుడు, తిమ్మిరి, బరువు. గట్టుమీద కూర్చుంటే కొద్ది నిమిషాలలో సర్దుకుంటుంది. సైకిలు తొక్కగలరు, హ్యాండిలు పట్టుకుని వంగి నడిపించుకుపోగలరు, చేతులు వదిలి నిటారుగా మాత్రం నడవలేరు. వంగినప్పుడు లోపలి దారి కాస్త తెరుచుకోవడమే ఇందుకు కారణం. మెట్ట దిగేటప్పుడు ఎక్కేటప్పటికంటె బాధ ఎక్కువ.

చుట్ట, బీడీ అలవాటున్నవారికి కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. కాని వారికి కూర్చోనక్కరలేదు, ఆగి నిలబడితే చాలు తగ్గుతుంది. పాదం చల్లగా ఉంటుంది, పాదం మీది నాడి సరిగా అందదు. చక్కెర జబ్బు తిమ్మిరి నడకతో పని లేకుండా పాదాలలో రాత్రిళ్లు కూడా మండుతుంది. తుంటి కీలు అరిగినా ఇలాంటి అనుమానమే వస్తుంది. కనుక డాక్టరు పాదం నాడి, తుంటి, కాలి బలం చూడకుండా చీటీ వ్రాస్తే, చూడమని మర్యాదగా అడగండి.

ఎక్స్‌రేలో నరాలు కనబడవు, ఎమ్మారైలో కనబడతాయి. అయితే ఏ బాధా లేని ముసలివారిలోనూ ఎమ్మారైలో ఇరుకు కనబడుతుంది. ఆపరేషను ఆలోచన ఉన్నప్పుడో, ప్రమాద సూచనలున్నప్పుడో తీయించాలి గాని, మొదటిరోజే పాల డబ్బు దానికి పోయనక్కరలేదని మా అభిప్రాయం.

చాలామందిలో ఈ జబ్బు ఏళ్ల తరబడి ఒకేలా ఉంటుంది, కొందరిలో మెరుగవుతుంది కూడా. మంచం పట్టడం మంచిది కాదు. బాధ మొదలు కాకముందే ఆగి కూర్చుని, మళ్లీ నడవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లను రొమ్ముకు దగ్గరగా తీసుకునే కసరత్తు, సైకిలు తొక్కడం మేలు చేస్తాయి. తలమీద గడ్డిమోపు, చెరకు కట్ట మానాలి. పాలు రెండు చిన్న క్యాన్లలో సైకిలుకు చెరోవైపు తగిలించండి. నొప్పి బిళ్లలు కొద్దిరోజులకు మాత్రమే. నెలల తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు చెడతాయి. నడుములో వేసే స్టెరాయిడు ఇంజక్షను మేలు కొందరికే, అదీ కొంతకాలమే. నెలల తరబడి ఇవన్నీ చేసినా పది అడుగులు నడవలేనివారికి నరాల మీది ఒత్తిడి తీసే ఆపరేషను ఉంది. అది కాళ్ల బాధను తగ్గించినంతగా నడుము నొప్పిని తగ్గించదు. చోడవరం ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, అవసరమైతే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్లవచ్చు.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తెల్లవారేదాకా ఆగితే నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు. జ్వరంతో, బరువు తగ్గుతూ రాత్రిళ్లు నడుము నొప్పి ఉంటే క్షయ వంటివి చూడాలి.

సంఘ కార్యదర్శులకు ఒక మాట. పాల వరుస పక్కన బల్ల ఒకటి వేయించి, పెద్దవారి క్యాను వారి వంతు వచ్చేదాకా వరుసలోనే ఉంచనివ్వండి.