టాబ్ కొనే ముందు 'విజ్ఞానం' అని రాసి చూడండి



2020లో లాక్‌డౌన్ వచ్చి మమ్మల్ని హాస్టల్ నుండి ఇళ్లకు పంపినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆన్‌లైన్ క్లాసుల కోసం, మా అమ్మ బీడీలు చుట్టి దాచిన 3,000 రూపాయలతో కరీంనగర్‌లో ఒక పాత టాబ్ కొన్నాం. తెర పెద్దది, ధర తక్కువ అని సంబరపడ్డాం. ఇంటికొచ్చి క్లాసుల యాప్ వేయబోతే 'ఈ పరికరానికి పనికిరాదు' అని వచ్చింది. అందులో ఉన్నది 2013 నాటి ఆండ్రాయిడ్ 4.4. షాపు అతను వాపసు తీసుకోలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట. కాబట్టి 'వెర్షన్ చూసి కొను' అని చెప్పేవారు అప్పుడు లేరు. ఆ మాట మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

ఆపరేటింగ్ సిస్టం అనగా నేమి?

టాబ్‌లోని ప్రాసెసర్, మెమరీ, తెర, బ్యాటరీలను ఏ యాప్ ఎంత వాడుకోవాలో నిర్ణయించేదే ఆపరేటింగ్ సిస్టం. హాస్టల్‌కు వార్డెన్ సారు ఎలాగో టాబ్‌కు ఇది అలాగ. ముఖ్యమైనవి మూడు.

1. ఆండ్రాయిడ్: గూగుల్ సంస్థది. దీని మూల కోడ్‌ను ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చు. అందుకే తక్కువ ధరలో దొరుకుతుంది. కానీ కొత్త వెర్షన్ ఇవ్వడం టాబ్ కంపెనీ దయ. 2011 అక్టోబర్ 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన 'ఆకాశ్' టాబ్‌ను మన హైదరాబాద్‌లోనే బిగించారు. అందులో ఫోన్ల కోసం చేసిన ఆండ్రాయిడ్ 2.2 ఉండేది. టాబ్‌ల కోసమే చేసిన 3.0 అదే ఏడాది ఫిబ్రవరిలోనే వచ్చింది.

2. ఐప్యాడ్‌ఓఎస్: ఆపిల్ టాబ్‌లలో మాత్రమే ఉంటుంది. 2019 వరకు దీని పేరు ఐఓఎస్, ఆ తర్వాత ఈ పేరు. అప్‌డేట్లు ఆపిల్ నుండి నేరుగా, ఏళ్ల తరబడి వస్తాయి. ధర మాత్రం మనకు భారమే.

3. విండోస్: కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడుస్తాయి. కాని మెమరీ ఎక్కువ కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాతది కొనేవారు అందులో విండోస్ 11 పడుతుందో లేదో అడగాలి.

మన అక్షరాల సంగతి

ధర ఎక్కువైతే లోపం ఉండదనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11లో ఒక తప్పు బయటపడింది. 'జ్ఞా' అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరిస్తే, దానిని చూపబోయిన మెసేజ్ యాప్‌లు మూతపడేవి. ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకుంది. తప్పు అక్షరానిది కాదు, దానిని సరిగా చదవలేని సిస్టంది. అదే నెల 19న ఆపిల్ 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా సిస్టంలో ఆ ఫాంట్ లేకుంటే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. గోండు మిత్రులు దీనిని గమనించాలి.

కొనే ముందు చూడవలసినవి

1. సెట్టింగ్స్‌లో వెర్షన్ ఎంత, చివరి సెక్యూరిటీ అప్‌డేట్ ఏ నెలది?
2. మీకు కావలసిన యాప్ షాపులోనే వేసి తెరవండి.
3. 'విజ్ఞానం, స్త్రీ, రాష్ట్రం' అని రాయండి. ఒత్తులు పక్కకు జరిగితే వద్దనండి.
4. వాపసు మాట బిల్లుపై రాయించుకోండి.

మా పాత టాబ్ క్లాసులకు పనికిరాలేదు గాని, పారవేయలేదు. మెమరీ కార్డులో పీడీఎఫ్ పుస్తకాలు వేసుకుని అందులోనే చదివి ఇంటర్ పాసయ్యాను. అమ్మ డబ్బు వృథా పోలేదు. కాని తెలిసి కొని ఉంటే ఆ ఏడాది క్లాసులు కూడా వినేవాడిని. మీరు మాత్రం అడగడానికి సిగ్గుపడకండి. మీకు ముందు చదివిన అన్నలం, అక్కలం ఉన్నాం.