సబ్ స్టేషనులోని వాక్యూమ్ బ్రేకరు – దాని అరుగుదల

గాలివాన రాత్రి ఊరిలో దీపములు ఆరిపోగానే గ్రామస్థులు పంచాయతీ సభ్యునితో చెప్పు మొదటి మాట "సబ్ స్టేషనువారితో చెప్పి ఒక్కసారి వేయించండి" అనునదే. ఆ ఒక్కసారికి ఏమి ఖర్చగునో తెలియవలెనన్నచో బ్రేకరు లోపల జరుగు పనిని తెలిసికొనవలెను.

సింగరాయకొండ ప్రాంతమునను, తక్కిన మండలములందును 33 కిలోవోల్టుల విద్యుత్తును 11 కిలోవోల్టులకు దించి, ఫీడరుల ద్వారా పల్లెలకు పంపుదురు. ప్రతి ఫీడరుకు ఒక బ్రేకరు కాపలా యుండును. తీగలు ఒకదానికొకటి తగిలినను, కొమ్మ విరిగి మీదపడినను రిలే కనిపెట్టి దానిని విడిపించును.

బోరు మోటారు స్టార్టరు విప్పి చూచిన రైతు లోపలి బిళ్లలు నల్లబడి గుంటలు పడుట ఎరిగియే యుండును. విద్యుత్తు పారుచుండగా రెండు బిళ్లలను విడదీసినచో నడుమ మంట లేచును. దీనినే ఆర్కు అందురు. పూర్వపు బ్రేకరులలో ఈ మంటను నూనెలో ఆర్పెడివారు. వాక్యూమ్ బ్రేకరులో బిళ్లలు గాలి తీసివేసిన పింగాణీ సీసాలో నుండును. లోపలి ఒత్తిడి మనము పీల్చు గాలి ఒత్తిడిలో కోటవ వంతునకు మించదు. ఇట్టి శూన్యములో విద్యుత్తును తెంపవచ్చునని 1926లో కాలిఫోర్నియాలో సోరెన్సెన్, మెండెన్‌హాల్ అను వారు పరీక్షించి చూపిరి.

గాలియే లేనిచోట మండునది ఏమి? ఆ బిళ్లల లోహమే! విడిపోవు క్షణమున వాని ముఖములు కరిగి ఆవిరియగును. ఆ ఆవిరిలోనే ఆర్కు నిలుచును. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది గనుక, ప్రవాహము సెకనుకు 100 సార్లు సున్నయగును. ఆ సున్న వద్ద ఆర్కు ఆరి, ఆవిరి కన్నుమూసి తెరచునంతలో చల్లబడి బిళ్లలకును, చుట్టునున్న లోహపు తొడుగునకును అంటుకొనును. అందుచేత 11 కిలోవోల్టులకు సెంటీమీటరుకు మించని ఎడమే చాలును. బిళ్లలు రాగి, క్రోమియము కలిపి చేసినవి. ఆర్కు ఒకచోటనే నిలిచి కాల్చకుండ వానిపై చీలికలు కోయుదురు. ఆర్కు ముఖమంతటను పరుగెత్తును.

అయినను ప్రతిసారియు కొంత లోహము పోవును. వందల ఆంపియర్ల మామూలు భారమును తెంపునపుడు అరుగుదల అత్యల్పము. అట్టి పని వేలకొలది సార్లు చేయగలదు. లైనులో దోషముండగా వేలకొలది ఆంపియర్లు పారునపుడు మాత్రము అరుగుదల అనేక రెట్లు. దోషము తొలగక ముందే మరల వేయించుట యన ఆ నష్టమును కోరి తెచ్చుకొనుటయే. సాధారణముగా మూడు మిల్లీమీటర్ల లోహము అరిగినచో సీసా ఆయువు తీరినట్లే. అరిగినకొలది స్ప్రింగు ఒత్తిడి తగ్గి, స్పర్శ సడలి, బిళ్లలు వేడెక్కును. స్టార్టరు బిళ్లలవలె గరుకు కాగితముతో రుద్దుటకు వీలులేదు, కంటికి కనబడవు. కదలు కడ్డీపైనున్న గుర్తును చూచియు, స్పర్శ నిరోధమును కొలిచియు, అధిక వోల్టేజి పరీక్షచే శూన్యము చెడలేదని నిర్ధారించియు సిబ్బంది గ్రహింతురు. పాకల వైపు సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలి సీసా లోపలికి పోజాలదు గాని, వెలుపలి ఇన్సులేటరులపై పేరుకొనును, వానిని తుడుచుచుండవలెను.

2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ వంటి తుపానుల నాడు సభ్యులు చేయదగిన సహాయము వేరు: ఏ స్తంభము వద్ద కొమ్మ పడినదో, ఏ తీగ జారినదో చూచి దూరమునుండియే తెలుపుట. వర్షాకాలమునకు ముందే లైనుకు తగులు కొమ్మలను విద్యుత్ సిబ్బందిచే కొట్టించుట అంతకంటె మేలు. పొడి యిసుకపై పడిన తీగనుండి ప్రవాహము స్వల్పముగా పారుటచే రిలే కనిపెట్టలేకపోవచ్చును; బ్రేకరు విడిపోలేదు గదా యని తీగ దరికి పోరాదు.

విడిపోయినను స్తంభమెక్కుటకు అది చాలదు. మూసిన సీసాలో బిళ్లల నడుమ ఎడమున్నదో లేదో కంటితో చూచువారు లేరు. అందుచేతనే లైనుమన్, బ్రేకరు తీసిన పిమ్మట, కంటికి కనబడు ఐసోలేటరును తెరిపించి, లైను క్లియరు పుచ్చుకొని, తీగలో విద్యుత్తు లేదని పరీక్షించి, ఎర్తు కడ్డీలు తగిలించిన తరువాతనే పనికి పూనుకొనును. దీనికి పట్టు సమయమును చూచి ఆలస్యమని ఆతనిని తొందరపెట్టరాదు.