అడవిని చదువుదాం రండి
(ఆదిలాబాద్ కొండల్లో ఒక నడక పాఠం)

పూర్వ విద్యార్థి, ఎం.ఏ. భూగోళ శాస్త్రం



విహారయాత్ర అనగానే మన హాస్టల్లో ముందుగా వినిపించే మాట "డబ్బులెక్కడివి?" అని. రెండో మాట "అడవిలో చూడ్డానికి ఏముంది?" అని. మొదటి ప్రశ్నకు ఆర్టీసీ బస్సు, రెండు పూటల చద్ది, నలుగురు స్నేహితులు చాలా వరకు సమాధానం చెప్తాయి. రెండో ప్రశ్న కొంచెం లోతైనది. మనలో చాలామంది అమ్మానాన్నలు అడవికి పోయేది చూడడానికి కాదు, బతకడానికి. కట్టెలకు, తునికాకుకు, ఇప్పపువ్వుకు, పశువులు కాయడానికి పోతారు. ఎండలో ఆకు కోసి, కట్టలు కట్టి, నెత్తిన మోసుకొచ్చే మనిషికి అడవి ఒక పని చోటు. అందుకే అడవి అందం చూడటం కార్లలో వచ్చేవాళ్ల పని అని మనం అనుకుంటాం.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. పి.జి.లో భూగోళ శాస్త్రం చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైనది ఒక్కటే. ఎత్తైన చోట నిలబడి చూడటం సోమరుల సరదా కాదు, అదొక చదువు. ఆ చదువుకు కావలసిన సగం పాఠం మన ఇళ్లలోనే ఉంది. మిగతా సగం తరగతి గదిలో ఉంది. ఈ రెండింటినీ కలపడం ఎలాగో ఉత్తర తెలంగాణ అడవులను ఉదాహరణగా తీసుకుని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పటం చూద్దాం

తెలంగాణ పటంలో తల భాగం పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో దీన్ని ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగు జిల్లాలు చేశారు. ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, దక్షిణాన గోదావరి. మూడు వైపులా నదులు, మధ్యలో కొండలు.

పడమటి భాగంలో కనిపించే నల్లరాయి దక్కన్ ట్రాప్ రాయి. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం నేల చీలి, లావా పొరలు పొరలుగా పారి గట్టిపడింది. "ట్రాప్" అనే మాట మెట్టు అనే అర్థమున్న స్వీడిష్ పదం నుంచి వచ్చింది. ఈ కొండలు దూరం నుంచి మెట్లు మెట్లుగా, తలపై చదునుగా కనిపించేది ఇందుకే. ఆ రాయి అరిగి నల్లరేగడి అయింది. ఆ నల్లరేగడిలోనే మనవాళ్లు పత్తి ఏరుతున్నారు. తూర్పున గోదావరి లోయ వైపు పోతే ఇసుకరాయి, దాని అడుగున బొగ్గు. మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాల సింగరేణి గనులు ఆ పొరల్లోనివే. ఆ రాళ్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. గోండుల సీమ పేరే ప్రపంచ భూగర్భ శాస్త్రంలో ఒక ప్రాచీన ఖండానికి పేరైంది. ఈ సంగతి పరీక్ష కోసం కాకపోయినా ప్రతి విద్యార్థీ గుర్తుంచుకోదగినది.

నాలుగు చోట్లు, నాలుగు పాఠాలు

1. మహబూబ్ ఘాట్: నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే దారిలో కొండ ఎక్కే మలుపులు ఇవి. బస్సు కిటికీలోంచి చూసి వదిలేసే చోటు. వీలైతే దిగి, రోడ్డుకు దూరంగా, భద్రంగా ఉన్న చోట నిలబడి కిందికి చూడండి. లోయలో చెరువులు, పొలాలు, కొండ వాలు మీద టేకు అడవి. నీరు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఊరు, నీరు ఎక్కడ జారిపోతుందో అక్కడ అడవి. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఏ కొండ మీద నుంచైనా కింది ఊళ్ల కథ చదవవచ్చు. నిర్మల్ కొయ్యబొమ్మలు తెలుసు కదా. అవి పొణికి అనే తేలికైన చెక్కతో చేస్తారు. ఆ చెట్టు ఈ అడవుల్లోనిదే. అడవిలో పొణికి తగ్గితే ఊళ్లో బొమ్మ కూడా తగ్గుతుంది.

2. కుంటాల: నేరడిగొండ నుంచి లోపలికి వెళితే కడెం నది దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతం. శకుంతల పేరు మీద ఈ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. మెట్లు దిగి చూడవచ్చు. ఇక్కడి పాఠం నీటి బలం. వేల ఏళ్లుగా పడుతున్న నీరు, అది తెచ్చిన రాళ్లు కలిసి అడుగున రాయిని తొలిచి మడుగు చేస్తాయి. పైకి మోకాలి లోతు అనిపించిన చోటు పక్కనే నిలువు గుంట ఉండవచ్చు. నురుగు నీటిలో గాలి ఎక్కువ కాబట్టి అది మనిషిని సరిగా తేల్చదు. ఈత వచ్చినవాళ్లు కూడా మునిగేది ఇందుకే. ఈ మడుగుల్లో ప్రాణాలు పోయినవారిలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. కుంటాల చూడటానికి, స్నానానికి కాదు. దగ్గర్లోని పొచ్చెర జలపాతం ఎత్తు తక్కువే కానీ దాని మడుగు లోతు తక్కువ కాదు.

3. కెరమెరి ఘాట్, జోడేఘాట్: ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ వైపు వెళ్లే దారిలో కెరమెరి ఘాట్ వస్తుంది. వానాకాలం చివర అక్కడి లోయలు చూసి తీరవలసినవి. ఆ కొండల్లోనే జోడేఘాట్. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో కొమురం భీం అమరుడైన చోటు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఆయన వర్ధంతి జరుపుతారు. జల్, జంగల్, జమీన్ అన్న నినాదం ఆయన పేరుతో ముడిపడి ఉంది. ఆ ఎత్తు నుంచి చూస్తే కొండల మధ్య గూడేలు, పోడు చేలు, కాలిబాటలు కనిపిస్తాయి. నినాదంలోని మూడు మాటలూ కళ్ల ముందే ఉంటాయి.

భీం మరణం తర్వాత గోండుల స్థితిగతులు పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గ్రామంలో ఉన్నారు. అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. ఆ గుడిసెల్లోంచి వచ్చిన తొలి పంతుళ్లు వాళ్ల ఇళ్లలో మొదటి చదువరులు. మనం వాళ్లకు తమ్ముళ్లం, చెల్లెళ్లం.

4. పాలరాపు గుట్ట: ఇది చాలామందికి తెలియని చోటు. పెంచికల్‌పేట, బెజ్జూరు అడవుల వైపు, పెద్దవాగు ఒడ్డున నిట్టనిలువుగా లేచిన రాతి గుట్ట. 2013లో ఇక్కడ పొడుగు ముక్కు రాబందుల గూళ్లు గుర్తించారు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు ఉన్న కళేబరాలు తిని దేశమంతటా రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మందును పశువైద్యంలో 2006లో నిషేధించారు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. అంటే పోయిన సంఖ్య తిరిగి రావడానికి తరాలు పడుతుంది. పక్షి కనిపించినా కనిపించకపోయినా ఈ గుట్ట చెప్పే పాఠం ఒకటే. పశువుకు వేసిన ఒక సూది మందు ఆకాశాన్ని ఖాళీ చేయగలదు. అటవీ సిబ్బంది అనుమతి లేకుండా, వాళ్ల తోడు లేకుండా ఇక్కడికి వెళ్లవద్దు. గూళ్ల దగ్గరికి ఎక్కవద్దు, కేకలు వేయవద్దు.

నడక నేర్పే గురువులు

పుష్య మాసంలో మెస్రం వంశస్థులు కేస్లాపూర్ నాగోబా పూజ కోసం గోదావరి జలం తేవడానికి కాలినడకన వెళతారు. జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా నడిచి, ఝరిలో నీరు నింపుకుని, మళ్లీ నడిచే వస్తారు. దారిలో ఏ ఊళ్లో ఆగాలి, ఏ చెట్టు కింద బస చేయాలి అన్నీ తరతరాలుగా వస్తున్న పద్ధతే. పటం లేదు, ఫోను లేదు. దారి మనుషుల జ్ఞాపకంలో ఉంది. పుష్య అమావాస్య రాత్రి ఆ జలంతోనే మహాపూజ.

ఇంకో గురువు మా అమ్మ. తునికాకు కాలంలో 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఏ పొదలో లేత ఆకు వస్తుందో, ఏ వాలు మీద ఎండ ముందు పడుతుందో ఆమెకు తెలుసు. వాలు దిశను బట్టి చెట్ల తీరు మారుతుందని నేను పి.జి. పుస్తకంలో చదివి ఆమెకు చెబితే "ఇది కూడా పుస్తకంల రాస్తరా బిడ్డా?" అని నవ్వింది. మనకు తెలిసిన విషయమే శాస్త్రం అని తెలిసిన రోజు విద్యార్థికి ధైర్యం వస్తుంది. పరీక్ష హాల్లో కూడా ఆ ధైర్యం పనికొస్తుంది.

ఏ కాలంలో ఏమి చూడాలి

జూలై నుంచి సెప్టెంబరు దాకా జలపాతాలు నిండుగా ఉంటాయి, ప్రమాదం కూడా అంతే నిండుగా ఉంటుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా నడకకు మంచి కాలం. గాలి తేటగా ఉంటుంది, దూరపు కొండలు కనిపిస్తాయి. దీపావళి రోజుల్లో గూడేల్లో దండారీ సాగుతుంది, నెమలీకల టోపీలతో గుస్సాడీలు ఊరూరా తిరుగుతారు. ఫిబ్రవరి, మార్చిలో టేకు ఆకు రాలుతుంది, మోదుగ పూస్తుంది. అడవి పలుచబడుతుంది కాబట్టి నేల రూపం స్పష్టంగా తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. రాత్రి రాలిన పువ్వును తెల్లవారుజామున ఏరుతారు. ఎలుగుబంటికి కూడా ఆ పువ్వు ఇష్టం కాబట్టి ఆ వేళ ఇప్పచెట్ల దిక్కు మనం పోకూడదు.

పాటించవలసిన జాగ్రత్తలు

కవ్వాల్ అడవిని 2012లో పులుల రిజర్వుగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. జన్నారం వైపు సఫారీ సౌకర్యం గురించి అటవీ కార్యాలయంలో అడగవచ్చు. మహారాష్ట్ర అడవుల నుంచి పులులు నది దాటి కాగజ్‌నగర్ వైపు వస్తుంటాయి. 2020లోనూ 2024లోనూ ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో మనుషులు చనిపోయారు. వాళ్లు విహారానికి పోయినవాళ్లు కాదు, పనికి పోయినవాళ్లు. ఈ మాట మరచిపోయి పులి కనిపించలేదని నిరాశపడటం మనకు తగదు.

ఒంటరిగా పోవద్దు. ఊరి మనిషిని తోడు తీసుకోండి, ఆయన రోజు కూలి ఆయనకు ఇవ్వండి. వార్డెన్‌గారికి, ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లండి. పొద్దు వాలక ముందే రోడ్డు ఎక్కండి. పాచి పట్టిన రాయి మీద అడుగు వేయవద్దు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే వాగు ఒక్కసారిగా వస్తుంది. నీటి రంగు మారి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే వెంటనే ఒడ్డెక్కండి. గూడెంలో అడగకుండా ఎవరి ఫోటో తీయవద్దు, దేవర చోట్లలో చెప్పులతో తిరగవద్దు.

ఈ అడవి ఎవరిది?

ఎత్తు మీద నిలబడిన విద్యార్థి వేసుకోవలసిన పెద్ద ప్రశ్న ఇది. పులికి మనుషులు లేని అడవి కావాలంటారు. 2024లో నిర్మల్ జిల్లాలోని మైసంపేట, రాంపూర్ కుటుంబాలను రిజర్వు నడిబొడ్డు నుంచి బయటికి తరలించారు. 2025 మేలో కవ్వాల్, తడోబా అడవుల మధ్య దారిని కొమురం భీం పేరుతో కన్సర్వేషన్ రిజర్వు చేస్తూ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ఆదివాసీలు ఆందోళన చేయడంతో జూలైలో దాన్ని నిలిపివేసింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో బతికేవారికి భూమిపై, ఆకు అలముపై హక్కు ఇచ్చింది. పులీ బతకాలి, మనిషీ బతకాలి. ఎవరు ఎంత జరగాలి అన్నదే తగాదా. జరగమన్న ప్రతిసారీ జరిగేది పేదవాడే అయితే అది న్యాయం కాదని నా అభిప్రాయం. మీరు వేరేలా అనుకోవచ్చు. కానీ ఒక్కసారి ఆ కొండ మీద నిలబడి, ఆ గూడెంలో మంచినీళ్లు తాగి, ఆ తర్వాత అనుకోండి.

మీరు చేయవలసిన పని

వచ్చే సెలవుల్లో మీ ఊరికి దగ్గరలో ఉన్న గుట్ట ఏదైనా సరే, పెద్దవాళ్లతో కలిసి ఎక్కండి. ఆదిలాబాదే రానక్కరలేదు. ఒక నోటుబుక్కు తీసుకెళ్లి ఐదు ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. నీరు ఎటు నుంచి ఎటు పోతోంది?
2. రాయి ఏ రంగు? మట్టి ఏ రంగు?
3. ఏ చెట్లు ఎక్కువ? ఊళ్లోవాళ్లు వాటిని ఏ పేర్లతో పిలుస్తారు?
4. ఈ గుట్ట మీద ఎవరి పని ఉంది? ఎవరి దేవుడు ఉన్నాడు?
5. ఇరవై ఏళ్ల కింద ఇది ఎలా ఉండేది? (దీన్ని తప్పకుండా ఒక ముసలమ్మనో తాతనో అడిగి రాయాలి.)

ఈ ఐదు జవాబులు రాసిన నోటుబుక్కు ఏ గైడులోనూ దొరకని పాఠ్యపుస్తకం. పది మంది రాస్తే మన హాస్టల్ గోడపత్రికకు ఒక సంచిక అవుతుంది. అడవికి కట్టెలకు పోయిన అమ్మానాన్నల పిల్లలం మనం. అదే అడవికి కలం పట్టుకుని పోయి, వాళ్లకు తెలిసింది రాసి పెట్టడం మన వంతు.