తీరినప్పుడు చేయవలసిన పని



ఈ నెల పాఠమునకు మేము తీసికొన్న అంశము కొందరికి వింతగా తోచవచ్చును. చేయవలసిన పనులను సెల్‌ఫోనులో పట్టీగా వ్రాసికొని, వాటిలో ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించుకొనుట ఎట్లు? ఇది పట్నపు ఆఫీసువారి సంగతి గదా అనుకొనవద్దు. మన ఇండ్లలో గోడ క్యాలెండరు మీద పాల లెక్కయు, గ్యాసుబండ వచ్చిన తేదీయు, మహిళా సంఘపు కిస్తు కట్టవలసిన దినమును గుర్తు పెట్టుచున్నాము. అదియు పనుల పట్టీయే. ఇప్పుడు భువనగిరి చుట్టుపట్ల గ్రామములలో యౌవనస్థులే గాక సంఘపెద్దలు కూడ ఫోనులో వ్రాసికొనుచున్నారు. మేమును వ్రాసికొనుచున్నాము. దానివలన మేలు పొందితిమి. దానిని నమ్ముకొని ఒక తప్పును చేసితిమి. ఆ తప్పును ముందు చెప్పెదము.

మా సంఘములో నేతపని చేయు ఒక పెద్దాయన ఉండెను. ఆయన పెద్ద కుమారుడు భివండీలో మరమగ్గముల మీద పనిచేయుచు, ఇంటి పంపకములో వచ్చిన మాటపట్టింపు వలన ఏండ్ల తరబడి తండ్రితో మాటలాడకుండెను. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పెద్దాయన మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, మీకు తీరినప్పుడే. నా ఫోను వాడు ఎత్తడు. మీదైతే ఎత్తుతడు. ఒక్కసారి మాట్లాడియ్యున్రి" అనెను. మేము అక్కడనే ఫోను తీసి వ్రాసికొంటిమి. వ్రాసికొన్నంత మాత్రమున సగము చేసినట్లు మనస్సు నెమ్మదించును. ఇది పట్టీలు వ్రాయువారందరు ఎరిగిన సంగతియే.

ఆ దినములలో మా పట్టీలో ఏమేమి ఉండెననగా, గుడి రేకుల అంచనా, కమిటీకి పంపవలసిన లెక్కలు, రెండు పెండ్లి ప్రకటనలు, ఒక బిడ్డ హాస్టలు దరఖాస్తు, కరెంటు బిల్లు. ప్రతిదానికి ఒక తేదీ, ప్రతిదానికి ఒక ఎర్ర జెండా. పెద్దాయన పనికి మాత్రము తేదీ లేదు, జెండా లేదు. తీరినప్పుడే అని ఆయనే చెప్పెను గదా! అది 41 దినములు పట్టీ అడుగుననే ఉండెను. 42వ దినమున తెల్లవారుజామున ఆయన ప్రభువునందు నిద్రించెను. కుమారుడు ప్రయాణమై సమాధి వేళకు అందుకొనెను. మట్టి వేసిన తరువాత జరిగినదంతయు అతనితో చెప్పితిమి. అతడు మమ్మును నిందింపలేదు. "మీరు చేస్తే ఎత్తేటోణ్ణే అయ్యగారూ" అని మాత్రము అనెను.

ఫోనులోని ఏర్పాటు మీద నేరము మోపుటకు వీలులేదు. అది మేము చెప్పినట్లే చేసెను. అయితే ఆ రాత్రి పట్టీని తెరచి, ఇది ఎట్లు జరిగినదని పరిశీలించితిమి.

ఇట్టి పట్టీలలో రెండు వేరువేరు గుర్తులుండును. ఒకటి తేదీ. రెండవది ప్రాధాన్యత. టోడూయిస్ట్ అనుదానిలో ప్రాధాన్యతకు నాలుగు మెట్లున్నవి. మొదటిది ఎరుపు, రెండవది నారింజ, మూడవది నీలము, నాలుగవదానికి రంగు లేదు. మనము ఏమియు చెప్పనియెడల పని ఆ నాలుగవదానిలోనే పడును. మైక్రోసాఫ్ట్ టుడూలోను, గూగుల్ టాస్క్స్‌లోను మెట్లు లేవు. ఒక చుక్క గుర్తు పెట్టుట, పెట్టకపోవుట, అంతే. 2009లో ప్రకటింపబడిన ఐక్యాలెండర్ అను ప్రమాణములో 1 మొదలు 9 వరకు అంకెలున్నవి. 1 అన్నిటికంటె ముఖ్యము, 0 అనగా ఇంకను ఏమియు నిర్ణయింపలేదని. ఆ సున్నాను చూచి మేము చాలసేపు ఆలోచించితిమి. మా పెద్దాయన పని చిన్నదని మేమెన్నడు నిర్ణయింపలేదు. అసలు నిర్ణయమే చేయలేదు.

ఇంకొక సంగతి గమనింపుడి. గంట మ్రోగునది తేదీని బట్టియే గాని జెండాను బట్టి కాదు. ఈ దినపు పనులు చూపుమనగా ఫోను తేదీ ఉన్నవాటినే ముందుకు తెచ్చును. తేదీ లేని పని ఎంత ముఖ్యమైనదైనను తెర వెనుకనే నిలుచును. తేదీలను పెట్టువారెవరు? ఆఫీసువారు, బ్యాంకువారు, బడివారు. అనగా మనలను గట్టిగా అడుగగలవారు. మెల్లగా అడుగువారు తేదీ పెట్టరు.

ఈ భేదమును లోకమంతటికి వినిపించినది ఒక క్రైస్తవ సభలోనే. 1954 ఆగస్టు 19న అమెరికాలోని ఇవాన్‌స్టన్‌లో ప్రపంచ క్రైస్తవ సంఘముల మండలి రెండవ మహాసభ యెదుట ఆ దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ప్రసంగించెను. చిక్కులు రెండు విధములనియు, తొందరపెట్టునవి ముఖ్యమైనవి కావనియు, ముఖ్యమైనవి ఎన్నడును తొందరపెట్టవనియు ఒక మాజీ కళాశాలాధ్యక్షుడు చెప్పిన మాటను ఆయన తెలియజేసెను. తరువాత 1989లో స్టీఫెన్ కవీ తన పుస్తకమందు దీనినే నాలుగు గదులుగా గీచి ప్రచారము చేసెను. ఆ మాట కొంచెము ఎక్కువగానే చెప్పబడినదని మా అభిప్రాయము. పాము కరచినవానిని ఆసుపత్రికి చేర్చుట తొందరపనియు, ముఖ్యమైన పనియు గూడ. పొలమునకు నీరు వదలు వంతు వచ్చిన రాత్రి రైతు ముఖ్యమేది అని ధ్యానించుచు కూర్చుండడు. అయినను రెండవ సగము నిజమే. ముఖ్యమైనవి అనేకము తలుపు తట్టవు.

మన జిల్లాలోనే దీనికి సాక్ష్యమున్నది. ఆలేరు మండలము శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము గారి తల్లి లక్ష్మమ్మ గారు ఆసు పోసెడివారు. చీర ఒక్కటికి చేతిని దాదాపు 9,000 సార్లు ఇటునటు త్రిప్పవలెను. భుజము నొప్పితో ఆమె బాధపడుట కుమారుడు చూచెను. ఆనాటి తొందరపని ఏది? ఆసు పోయుట, చీర నేయుట, పూట గడచుట. యంత్రము చేయుమని ఎవరును గడువు పెట్టలేదు; పైగా నవ్వినవారు కలరు. ఆయన 1992లో మొదలుపెట్టి, డబ్బు దొరికినప్పుడు ఒక్కొక్క భాగము చేర్చుచు, 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును ముగించెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. ఏడేండ్ల పనిని ఆయన ఒక్క పనిగా వ్రాసియుంచినయెడల అది మన పట్టీలలోని పెద్ద పనులవలెనే అడుగున పడియుండెడిది. ఈ నెల ఏ భాగము అని చూచెను.

మరి పట్టీ నిండిపోయినప్పుడు? నిర్గమకాండము 18వ అధ్యాయము చదువుడి. ఉదయము మొదలు సాయంకాలము వరకు మోషే వరుసలో వచ్చినవారికందరికి తీర్పు తీర్చుచుండెను. మామ యిత్రో చూచి, ఇది మంచిది కాదని చెప్పి, చిన్న వ్యాజ్యెములు వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి నియమింపబడిన అధికారులయొద్దకును, గొప్పవి మోషేయొద్దకును పంపించెను. ముందు వచ్చినది ముందు అను వరుస పోయి, బరువును బట్టి వరుస వచ్చెను. మేమును గుడి రేకుల అంచనాను ఒక పెద్దకును, హాస్టలు దరఖాస్తును బడిపంతులుగా ఉన్న ఒక సహోదరికిని అప్పగించితిమి. ఇద్దరును మాకంటె బాగుగా చేసిరి. (మార్త, మరియల సంగతి ఇక్కడ ఎత్తము. ఆ ప్రసంగము చేసిన దినమున మాకు అన్నము పెట్టినది మార్తలే.)

ఇప్పుడు మేము చేయుచున్నది ఇది. దినమునకు ఎర్ర జెండాలు మూడింటికి మించనీయము. అన్నియు ఎరుపైనచో ఏదియు ఎరుపు కాదు. జెండా పెట్టిన ప్రతి పనికి తేదీ కూడ పెట్టుదుము, ఎవరును అడుగకపోయినను. శనివారము రాత్రి తేదీ లేని పనులను ఒక్కొక్కటిగా చదివి, దినము ఇచ్చుటయో, మరియొకరికి ఇచ్చుటయో, చేయలేమని చెప్పి కొట్టివేయుటయో చేయుదుము. కొట్టివేయుట కష్టము. అయినను అడిగినవారు మరియొకరియొద్దకు పోవుదురు గదా. ఫోను లేనివారు క్యాలెండరు మీద సుద్దముక్కతోనో పెన్నుతోనో ఇదంతయు చేసికొనవచ్చును.

నిన్న ఒక తల్లి వచ్చి, సోలాపూరులోని తన కుమార్తెతో మాటలాడించుమని అడిగినది. మీకు తీరినప్పుడే అయ్యగారూ అని ఆమెయు అనెను. రేపు ఉదయము 7 గంటలు అని ఆమె యెదుటనే వ్రాసి, గంట పెట్టితిమి.