సంఘము పెరుగుట, సంఘము నిలుచుట

సహకార సంఘపు పట్టికలో పేరు వ్రాయించుకొనుట యొక పూట పని. వాటాధనము చెల్లించి, విత్తనములకో యెరువునకో అప్పు పుచ్చుకొని, సర్వసభ్య సమావేశమునాడు మాత్రము మొగము చూపని సభ్యులు ప్రతి గ్రామమునను గలరు. వారు సోమరులు కారు. పొలమున వారికి పని యుండును. సభలో వారికి పని యుండదు. ఈ రెండవ మాటయే చదువరులు గమనింపవలసినది. దీనిని విశదపఱచుటకు అమెరికా రైతులు స్థాపించుకొనిన గ్రేంజి యను సోదర సంఘము చరిత్రకంటె దగిన యుదాహరణము మాకు కానరాలేదు.

ఆ దేశమున అంతర్యుద్ధము 1865లో ముగిసెను. మఱుసటి యేట, వాషింగ్టను నగరమందలి వ్యవసాయ శాఖలో గుమాస్తాయైన ఆలివర్ హడ్సన్ కెల్లీ దక్షిణ రాష్ట్రముల సేద్యపు స్థితిని పరిశీలింప బంపబడెను. ఉత్తరాదివాడనిన దక్షిణాదివారికి ఆనాడు కంటగింపుగా నుండెను. అయినను కెల్లీ ఫ్రీమేసను సమాజమున సభ్యుడగుటచే, అచ్చటి ఫ్రీమేసనులు అతనిని ఆదరించిరి. నిన్నటి శత్రువులను నేడు ఒక్క బల్లచుట్టు కూర్చుండజేసిన యట్టి సోదరభావము రైతులకును ఏల యుండరాదని అతనికి దోచెను. 1867 డిసెంబరు 4వ తేదీన అతడును ఆరుగురు మిత్రులును గ్రేంజిని స్థాపించిరి. కెల్లీ బంధువురాలగు కారొలైన్ హాల్ సలహాపై స్త్రీలకు పురుషులతో సమానముగా సభ్యత్వమును వోటును ఇచ్చిరి. ఆ దేశ రాజ్యాంగము స్త్రీలకు వోటుహక్కు నిచ్చినది 1920లో ననుట యిచ్చట స్మరింపదగును.

ఆరంభము మిక్కిలి కష్టముగా నుండెను. 1868లో కెల్లీ కొలువు విడిచి, ఊరూరను శాఖలు స్థాపించుటకు బయలుదేరెను. న్యూయార్కు రాష్ట్రమున ఫ్రెడోనియా యను నూర నొక శాఖ నిలిచెను గాని, పెక్కుచోట్ల వినువారే లేరైరి. అతడు మిన్నెసోటాలోని తన పొలమునకు మఱలి, అప్పులు చేసియు, ఉత్తరములు వ్రాయుట మాత్రము మానలేదు.

పిమ్మట కాలము మాఱెను. రైలు కంపెనీలు కూలి హెచ్చించెను. ధాన్యపు గిడ్డంగుల వారు తోచినంత రుసుము గైకొనిరి. 1873లో ఆర్థిక సంక్షోభము వచ్చెను. రైతులు గుంపులుగా గ్రేంజిలో జేరిరి. 1875 నాటికి సభ్యులు సుమారు 8,50,000 మందియైరి. గ్రేంజియు ఇతర రైతు సంఘములును చేసిన యాందోళన ఫలితముగా ఇల్లినాయి మొదలగు రాష్ట్రములు గిడ్డంగి రుసుములకును రైలు కూలికిని హద్దు విధించెను. ప్రభుత్వమున కట్టి యధికారము గలదని 1877లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇది సామాన్య విజయము కాదు. అయినను 1880 నాటికి సభ్యుల సంఖ్య 1,24,000 ప్రాంతమునకు పడిపోయెను!

కారణము వెదకుదము. పెక్కుమంది చౌకసరుకునకై చేరిరి. గ్రేంజి దుకాణములలో అనేకము కొన్న ధరకే ఇంచుమించుగా అమ్మెను, నిలువధనము లేదు. ఎదుటి వర్తకుడు కొన్నాళ్లు నష్టమునకు అమ్మగానే సభ్యులే అతని యొద్దకు బోయిరి, దుకాణము మూతబడెను, వర్తకుడు మఱల ధర పెంచెను. ఐయోవా రాష్ట్ర గ్రేంజి కోతయంత్రముల నిర్మాణమునకు దిగి అప్పులపాలయ్యెను. బజారు ధరకే అమ్మి, సంవత్సరాంతమున మిగులును కొనుగోలు ననుసరించి పంచు రాచ్‌డేల్ పద్ధతిని జాతీయ గ్రేంజి 1875లో ఉపదేశించెను గాని, అప్పటికే పెక్కుచోట్ల నమ్మకము సడలియుండెను. ధర తగ్గునని వచ్చినవానిని ధర తగ్గనినాడు నిలుపునది మఱేమి గలదు?

నిలిచిన శాఖలను చూచిన దీనికి సమాధానము దొరకును. ప్రతి శాఖలోను ఉపన్యాసకుడను నధికారి యుండును. తాను మాటలాడుట యతని ముఖ్యకార్యము కాదు. ప్రతి సమావేశమునను ఎవరెవరు ఏమి చెప్పవలెనో, ఏ విషయము చర్చింపవలెనో, ఎవరు పాడవలెనో యేర్పఱచుటయే. క్రొత్తగా జేరినవాడు కూలివాడు, సేద్యగాడు, కోతగాడు, కృషీవలుడు అను నాలుగు మెట్లు క్రమముగా నెక్కుచుండెను. స్త్రీలకు వేఱు పేళ్లతో నట్టి మెట్లే యుండెను. రహస్య సంకేతములును వేషములును మనకు వింతగా దోచుటలో నాశ్చర్యము లేదు. మన సంఘములకు అవి యక్కఱలేదు. కాని ప్రతివానికి నొక స్థానము, నొక పని, తఱువాత నెక్కవలసిన మెట్టు, కలసి భుజించుట, ఇవి వింతలు కావు. న్యూ ఇంగ్లండు, న్యూయార్కు, పెన్సిల్వేనియా ప్రాంతములలో నిట్టి శాఖలు నిలిచి, ఇరువదవ శతాబ్దారంభమున సంఘమును మఱల పెంపొందించెను. 1896లో ఆరంభమైన పల్లెయింటింటి తపాలాకు పట్టుబట్టినవారిలో వీరు ముఖ్యులు. అగ్నిప్రమాదములకై పరస్పర భీమా సంఘములను గూడ నడపిరి.

ఇక మన సంగతి. సమావేశమున కార్యదర్శి లెక్కలు చదువగా, అధ్యక్షుడు ఆమోదమడుగగా, తక్కినవారు తలయూచి లేచిపోవుట మన యలవాటు. దీనిని మార్చుటకు ధనమక్కఱలేదు. ఎరువుల నిలువ సరిచూచుటకు ప్రతి మాసము ఇద్దఱు సభ్యులను మార్చిమార్చి నియమింపవచ్చును. పురుగు తగిలిన చేనును కాపాడుకొనిన రైతుచే నా విధమును చెప్పింపవచ్చును. అక్షరములు రానివాడైనను అతడు చెప్పునది శ్రద్ధతో విందురు. సభ్యురాలైన స్త్రీకి బదులు ఆమె భర్త చేవ్రాలు చేయుట మానిపింపవలెను. వరుసగా రెండు సమావేశములకు రానివాని యింటికి, నోటీసు పంపుటకు మాఱుగా, పొరుగు సభ్యుడే పోవుట మేలు. ఒక్కొక్కప్పుడు అలుక బైటపడును, ఒక్కొక్కప్పుడు ఇంటిలో జబ్బు తెలియును. నష్టము వచ్చిన యేట ఆ లెక్కను మొట్టమొదట చదువవలెను. చీకటి పడకముందే సభ ముగియవలెను. దూరపు పాలెములనుండి వచ్చువారు ఇల్లు చేరవలసియుండును గదా.