ఏ వైరు ఎక్కడ పెట్టాలి? ల్యాప్‌టాప్, టచ్‌ఫోన్ అందుకున్నవారికి యూఎస్‌బీ పిన్నుల గురించి



ఈ పీడీఎఫ్‌లో బొమ్మలు పెట్టలేదు. చూపు లేనివారు దీన్ని ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తోనో, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏతోనో వింటారు. అందుకే ప్రతి పిన్నునూ వేలితో తడిమి గుర్తుపట్టేలా మాటల్లోనే చెబుతున్నాం. కళ్లతో చదివేవారికి కూడా ఇది అక్కరకొస్తుంది. కరెంటు పోయిన రాత్రి అందరం తడుముకునేవాళ్లమే కదా.

పరికరం తీసుకెళ్లిన కొన్నాళ్లకు వినిపించే మాటలు దాదాపు ఇవే: "ఛార్జింగ్ ఎక్కట్లేదండీ", "ల్యాప్‌టాప్‌కి పెడితే ఫోన్ కనపడట్లేదండీ". చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు, వైరుది. అది తెలియక ఫోన్‌ను షాపులో ఇచ్చేస్తారు, లేదంటే పాడైందనుకుని బీరువాలో పెట్టేస్తారు. వినికిడి లేనివారికి వీడియో కాల్‌లో చేసే సైగలే మాట. వీడియో కాల్ బ్యాటరీని గబగబా తినేస్తుంది. ఫోన్ ఆగిపోతే ఆ మనిషి మాట కూడా ఆగిపోతుంది. చూపు లేని విద్యార్థికి పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి, పరీక్షల వారంలో అది మూగబోతే పక్కవాళ్ల నోట్సు అడిగి తెచ్చుకున్నా లాభం లేదు. అందుకే డబ్బు పెట్టి రిపేరుకు ఇచ్చే ముందు వైరు సంగతి తేల్చుకోండి.

ముందుగా ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పిన్ను ఆకారాన్నిబట్టి అది దూరుతుందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. దూరాక అది ఛార్జింగ్ ఒక్కటే చేస్తుందా, ఫైళ్లు కూడా పంపుతుందా, ల్యాప్‌టాప్‌కు చాలినంత కరెంటు మోస్తుందా అన్నది వైరు లోపల ఏముందో దాన్నిబట్టి ఉంటుంది.

వేలితో గుర్తుపట్టడం

యూఎస్‌బీ అంటే యూనివర్సల్ సీరియల్ బస్. 1996లో వచ్చింది. అంతకు ముందు కీబోర్డుకు ఒక పిన్ను, ప్రింటర్‌కు ఇంకో పిన్ను, మౌస్‌కు మరొకటి ఉండేవి. అన్నిటికీ ఒకే పిన్ను ఉండాలని పనిచేసినవారిలో ఇంటెల్ కంపెనీ ఇంజినీరు అజయ్ భట్ ముఖ్యుడు. ఆయన బరోడాలో ఇంజినీరింగ్ చదివిన మనవాడే. అన్నిటికీ ఒకటే అనుకుని మొదలుపెట్టినది చివరికి అయిదారు ఆకారాలైంది. మీకు పని పడేవి మాత్రం మూడే.

మొదటిది టైప్-ఏ. పెన్‌డ్రైవ్‌కు, ఛార్జర్ అడాప్టర్‌కు ఉండేది ఇదే. పలకలా చదరంగా, మూలలు సూటిగా, సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. దీంతో చిక్కేమిటంటే ఒక వైపే దూరుతుంది. పిన్ను నోట్లో గోరు పెట్టి చూడండి. సగం ప్లాస్టిక్‌తో నిండి ఉంటుంది, సగం ఖాళీగా ఉంటుంది. ల్యాప్‌టాప్ రంధ్రంలో కూడా ఒక ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. ఆ నాలుక వచ్చి పిన్నులోని ఖాళీలో కూర్చోవాలి. చాలా వైర్లపై త్రిశూలంలాంటి గుర్తు ఉబ్బెత్తుగా తగులుతుంది. ల్యాప్‌టాప్ పక్కన ఉన్న రంధ్రాలకు సాధారణంగా ఆ గుర్తు పైకి ఉండేలా పెడితే సరిపోతుంది. దూరకపోతే తిప్పి పెట్టండి, నెట్టొద్దు.

ఇంకో జాగ్రత్త. ఇంటర్నెట్ వైరు పెట్టే ల్యాన్ రంధ్రంలోకి టైప్-ఏ పిన్ను సులువుగా దూరిపోతుంది. దూరింది కదా అని వదిలేస్తే పెన్‌డ్రైవ్ ఎప్పటికీ తెరుచుకోదు, లోపలి సన్నటి తీగలు కూడా వంగిపోవచ్చు. ల్యాన్ రంధ్రం ఎత్తుగా ఉంటుంది, మధ్యలో నాలుక ఉండదు. టీవీకి కలిపే హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రం పరిమాణంలో యూఎస్‌బీలాగే అనిపిస్తుంది గానీ దాని కింది మూలలు లోపలికి కోసినట్టు ఉంటాయి.

రెండోది టైప్-సీ, షాపుల్లో సీ-టైప్ అంటారు. దీని ప్రమాణం 2014లో వచ్చింది. సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు చివరలూ గుండ్రంగా, నోరు ఖాళీగా ఉంటుంది. ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. చూపు లేనివారికి ఇదే అన్నిటికంటే హాయి. మీకు ఎంచుకునే వీలుంటే హెడ్‌ఫోనైనా పవర్‌బ్యాంకైనా సీ-టైప్‌దే తీసుకోండి. మన బీఐఎస్ కూడా 2023 జనవరిలో టైప్-సీకి భారత ప్రమాణం ప్రచురించింది, కాబట్టి ముందుముందు ఇదే ఎక్కువగా దొరుకుతుంది.

మూడోది మైక్రో యూఎస్‌బీ. షాపులో 'వీ8 కేబుల్' అని అడిగితే ఇచ్చేది ఇదే. పాత ఫోన్లకు, చవక బ్లూటూత్ స్పీకర్లకు ఉంటుంది. సీ-టైప్ కంటే సన్నం. ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు మూలలు కోసినట్టు ఉంటుంది. ఒక ముఖం మీద రెండు చిన్న ముళ్లు గోరుకు తగులుతాయి. మీ ఫోన్‌లో ఆ ముళ్లు ఎటు ఉంటే దూరుతుందో ఒకసారి చూసుకుని గుర్తుపెట్టుకోండి. తలకిందులుగా నెడితే ఫోన్‌లోని ఛార్జింగ్ పిన్ విరిగిపోవచ్చు. అలా విరిగితే, వాడకంలో జరిగిన నష్టమని చెప్పి వారంటీ ఇవ్వకపోవచ్చు.

ప్రింటర్‌కు ఉండే చతురస్రపు పిన్ను టైప్-బీ, దాంతో మీకు పెద్దగా పనిలేదు. ఐఫోన్‌ది మాత్రం 2023లో ఐఫోన్ 15 రాకముందు వరకు వేరే పిన్ను, బంధువులు ఇచ్చిన పాత ఐఫోన్ వైరు మీ ఫోన్‌కు పట్టదు. బ్యాటరీ ట్రైసైకిల్ ఛార్జర్ అసలు యూఎస్‌బీయే కాదు, దాంతో ఫోన్‌కు గానీ ల్యాప్‌టాప్‌కు గానీ ఎలాంటి ప్రయోగాలూ చేయొద్దు.

దూరింది సరే, పని ఎందుకు చేయట్లేదు?

మామూలు యూఎస్‌బీ వైరు లోపల నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకు, రెండు ఫైళ్లు పంపడానికి. రోడ్డు పక్కన దొరికే చవక వైర్లలో కొన్నిటికి ఆ రెండో జత ఉండదు. పైకి చూసినా, తడిమినా తేడా తెలియదు. ఫోన్ ఛార్జ్ అవుతుంది గానీ ల్యాప్‌టాప్‌కు అది అక్కడ ఉన్నట్టే తెలియదు.

పరీక్ష సులువే. ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి ఫోన్ తాళం తీయండి. పైనుంచి నోటిఫికేషన్ దించి, యూఎస్‌బీ అన్నచోట నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ మామూలుగా ఛార్జింగ్ ఒక్కదానికే తెరుచుకుంటుంది, కాబట్టి ఈ మెట్టు దాటకుండా వైరును తిట్టకండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో పరికరం కలవగానే చిన్న శబ్దం వస్తుంది. వినపడనివారు తెరమీద ఫోన్ పేరు వచ్చిందేమో చూడండి. శబ్దమూ లేదు, పేరూ లేదు, ఫోన్‌లో ఆ నోటిఫికేషనే రాలేదు అంటే అది ఛార్జింగ్ వైరు మాత్రమే అయి ఉండొచ్చు. ఇంకో వైరుతో చూడండి. ఫైళ్లు పంపే వైరుకు చివర ఒక దారం ముడి వేసి పెట్టుకుంటే ఇక రోజూ వెతుక్కోవాల్సిన పని ఉండదు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు కాపీలు ఫోన్‌లోంచి ల్యాప్‌టాప్‌లోకి వేసుకోవాలంటే పనికొచ్చేది ఆ ముడి ఉన్న వైరే.

పెన్‌డ్రైవ్‌ను నేరుగా ఫోన్‌కు పెట్టాలంటే చిన్న ఓటీజీ అడాప్టర్ కావాలి. దానికి ఒక వైపు సీ-టైప్, ఇంకో వైపు టైప్-ఏ రంధ్రం ఉంటుంది. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌కు వెళ్లి ఓటీజీ ఆన్ చేస్తేనే పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది, కాసేపు వాడకపోతే దానంతటదే ఆఫ్ అవుతుంది. నిన్న పనిచేసింది, ఈరోజు చేయట్లేదు అంటే ముందు అక్కడే చూడండి.

పాత, కొత్త అన్న భయం వద్దు. 2000 నాటి యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్ ఇప్పటి రంధ్రంలోనూ పనిచేస్తుంది. కాకపోతే పాతదాని వేగం సెకనుకు 480 మెగాబిట్ల వరకే. 2008లో వచ్చిన 3.0 వేగం 5 గిగాబిట్లు. రెండిట్లో ఏది నెమ్మదో ఆ వేగమే మీకు దొరుకుతుంది.

ల్యాప్‌టాప్ ఛార్జింగ్

అన్ని ల్యాప్‌టాప్‌లూ సీ-టైప్‌తో ఛార్జ్ కావు. కొన్నిటికి గుండ్రటి పిన్ను ఛార్జరే గతి, సీ-టైప్ రంధ్రం ఉన్నా అది ఫైళ్లకే. మీ పెట్టెలో వచ్చిన ఛార్జర్ ఏ పిన్నుదో చూస్తే తెలిసిపోతుంది. సీ-టైప్‌దే అయితే దానిమీద వాట్లు రాసి ఉంటాయి, 45, 65 అలా. చూపు లేనివారు ఎవరిచేతనైనా ఒకసారి చదివించుకోండి. చాలా ఫోన్ ఛార్జర్లు అంత కరెంటు ఇవ్వలేవు. పెడితే చెడిపోదు గానీ ఎక్కదు, లేదా నత్తనడకన ఎక్కుతుంది. వైరు సంగతీ అంతే. మామూలు సీ-టు-సీ వైరు 60 వాట్ల వరకు మోస్తుంది, అంతకు మించితే లోపల చిప్ ఉన్న వైరు కావాలి. ఒక వైపు టైప్-ఏ, ఇంకో వైపు సీ ఉన్న వైరుతో ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతుందని ఆశ పెట్టుకోవద్దు.

మరి ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను ఫోన్‌కు పెడితే పేలిపోతుందా? ప్రమాణం ప్రకారం చేసిన సీ-టైప్ ఛార్జర్ అయితే భయం లేదు. అది ముందు 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత ఫోన్ ఎంత అడిగితే అంతే పంపుతుంది. భయపడాల్సింది పేరూ ఊరూ లేని చవక ఛార్జర్లకే.

కాబట్టి అడాప్టర్ కొనేటప్పుడు దానిమీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో అడగండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి పేరున ఉందో వస్తుంది. షాపతను "అన్నీ ఒకటేనమ్మా" అంటే, ఇంకో షాపుకు వెళ్లండి.

వైరు మార్చినా ఛార్జింగ్ వదులుగా ఉంటే సీ-టైప్ రంధ్రంలో జేబులోని నూగు పేరుకుపోయి ఉండొచ్చు. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క పళ్లపుల్లతో మెల్లగా తీయండి. పిన్నీసు, సూది పెట్టకండి. ఇక బస్టాండులోనో రైల్వేస్టేషన్‌లోనో ఛార్జింగ్ పెట్టాల్సి వస్తే అక్కడ గోడకున్న యూఎస్‌బీ రంధ్రంలో కాకుండా, మామూలు ప్లగ్‌లో మీ సొంత అడాప్టర్‌తోనే పెట్టుకోండి. బయటి యూఎస్‌బీ రంధ్రాల ద్వారా ఫోన్‌లోని సమాచారం దొంగిలించవచ్చని రిజర్వ్ బ్యాంకు కూడా 2022లో తన పుస్తకంలో హెచ్చరించింది. అడాప్టర్ లేకపోతే, ఫైళ్లు పంపని ఆ చవక ఛార్జింగ్ వైరు పనికొచ్చేది అక్కడే.